కర్బన తంతువు బలానికి పైపొరే కీలకం
కొలిమి ఒక్కటే చాలదు. విద్యుత్ స్నానం కూడా కుదరాలి

న్యూఢిల్లీ: ఉక్కు బరువులో నాలుగో వంతైనా లేకుండా, బలంలో దానిని మించిన పదార్థంగా కర్బన తంతువు పేరు పొందింది. యుద్ధ విమానాల రెక్కలు, క్షిపణుల మోటారు కవచాలు, గాలిమరల పొడవాటి రెక్కలు, హైడ్రోజన్ నింపే సిలిండర్ల తయారీలో దీని అవసరం ఏటికేడు పెరుగుతోంది. అయినా దేశ అవసరాలలో అధిక భాగాన్ని నేటికీ విదేశాల నుంచే తెప్పించుకోవలసి వస్తున్నది. ఈ లోటును తీర్చేందుకు గుజరాత్‌లోని హజీరాలో ఏడాదికి 20 వేల టన్నుల సామర్థ్యంతో కర్మాగారం నెలకొల్పుతామని రిలయన్స్ ఇండస్ట్రీస్ సంస్థ 2022 ఆగస్టులో జరిగిన వాటాదారుల వార్షిక సమావేశంలో ప్రకటించింది.

కర్బన తంతువుల పరిశ్రమ అనగానే అందరి దృష్టీ వేలాది డిగ్రీల వేడితో మండే కొలిముల మీదికి మళ్లుతుంది. కాని, కొలిమి నుంచి బయటపడిన తంతువును ఉన్నదున్నట్లు జిగురులో పొదిగితే దాని బలంలో సింహభాగం వృథా అవుతుంది. కొలిమి దశకూ, చుట్టలు చుట్టే దశకూ నడుమ తంతువు కొద్ది సెకన్లో, ఒకటి రెండు నిమిషాలో ఒక ద్రావణపు తొట్టెలో మునిగి, విద్యుత్ ప్రవాహానికి లోనై తేలుతుంది. దీనినే ఎలక్ట్రోకెమికల్ ఉపరితల సంస్కారం అంటున్నారు. పెట్టుబడి లెక్కలలో ఇది చాలా చిన్న అంశం. సరుకు నాణ్యతను తేల్చడంలో మాత్రం దీని పాత్ర చిన్నది కాదు.

తంతువు వేరు, పదార్థం వేరు

కర్బన తంతువును ఒంటరిగా ఎవరూ వాడరు. వేలాది తంతువులను ఎపాక్సీ వంటి రెజిన్‌లో పొదిగి, వేడితో గట్టిపరిచి తయారుచేసే సంయుక్త పదార్థమే, అంటే కాంపోజిటే, విమానానికైనా గాలిమరకైనా పనికివచ్చేది. ఇందులో భారం మోసేది తంతువు. ఆ భారాన్ని ఒక తంతువు నుంచి మరొక తంతువుకు అందించేది రెజిన్. రెండూ ఒకదానినొకటి గట్టిగా పట్టుకుని ఉంటేనే ఈ అందివ్వడం సాధ్యపడుతుంది. పట్టు సడలితే తంతువు ఎంత బలమైనదైనా ఒరలోంచి కత్తి జారినట్లు రెజిన్‌లోంచి జారిపోతుంది.

ఈ రెండూ కలిసే సరిహద్దు ఎంత విశాలమైనదో ఒక లెక్క చూస్తే అర్థమవుతుంది. ఒక్కొక్క తంతువు మందం దాదాపు 7 మైక్రాన్లు. అంటే తలవెంట్రుకలో సుమారు పదో వంతు. నూటికి 60 పాళ్లు తంతువులున్న కాంపోజిట్‌ను ఒక ఘన సెంటీమీటరు, అనగా పాచిక పరిమాణంలో తీసుకుంటే, అందులోని తంతువుల ఉపరితల వైశాల్యం సుమారు 3,400 చదరపు సెంటీమీటర్లు. దినపత్రిక పెద్ద పుటలు రెండింటిని పరిచినంత వైశాల్యం ఒక్క పాచికలో ఇమిడి ఉన్నదన్నమాట. అంత మేరా అంటు సరిగా కుదరాలి.

కొలిమిలోంచి వచ్చిన తంతువు స్వతహాగా అంటుకునే స్వభావం కలది కాదు. పాలీయాక్రిలోనైట్రైల్ అనే కృత్రిమ నూలును గాలిలో 200 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి స్థిరపరుస్తారు. ఆ పిమ్మట ప్రాణవాయువు సోకని కొలిమిలో, నైట్రోజన్ నడుమ, వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కర్బనంగా మారుస్తారు. మరింత బిగువు కావలసిన రకాలను 2,000 డిగ్రీలకు పైబడి కాలుస్తారు. ఈ వేడికి నైట్రోజన్, హైడ్రోజన్ వంటివి ఆవిరై పోయి, కర్బన పరమాణువులు పలకలు పలకలుగా తంతువు పొడవునా బారులు తీరుతాయి. తంతువు బిగువుకు ఈ అమరికే మూలం. అయితే బారులు తీరిన పలకల ముఖాలు నున్నగా, రసాయనికంగా నిస్తేజంగా ఉంటాయి. రెజిన్ పట్టుకునేందుకు వాటిపై ఆసరా దొరకదు. బిగువు ఎక్కువైన కొద్దీ అంటు తగ్గుతుందన్నమాట.

తొట్టెలో జరిగేదేమిటి?

ఈ సమస్య కర్బన తంతువుల తొలినాళ్లలోనే బయటపడింది. అమెరికాలో యూనియన్ కార్బైడ్ ప్రయోగశాలలో రోజర్ బేకన్ 1958లో అత్యంత బలమైన కర్బన పోగులను కనుగొన్నారు. జపాన్‌లో అకియో షిండో, బ్రిటన్‌లో ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్ శాస్త్రజ్ఞులు 1960 దశకంలో పాలీయాక్రిలోనైట్రైల్ మార్గాన్ని అభివృద్ధి చేశారు. తంతువును లాగి చూస్తే బలం అద్భుతం. దానితో చేసిన పలకను వంచితే మాత్రం పొరలు ఒకదానిపై ఒకటి జారి విడిపోయేవి. తంతువులను నత్రికామ్లం వంటి ఘాటైన ద్రావణాలలో ఉడికించి ఉపరితలాన్ని ఆక్సీకరించే పద్ధతులను మొదట ప్రయత్నించారు. అందుకు గంటల కాలం పట్టేది. మైళ్ల పొడవున ఎడతెగక సాగే ఉత్పత్తికి అది సరిపడలేదు. చివరకు పరిశ్రమ విద్యుత్ మార్గాన్ని ఆశ్రయించింది.

కర్బనం విద్యుత్ వాహకం కావడం ఇక్కడ కలిసివచ్చింది. వేలాది తంతువుల కట్టను, సాధారణంగా 3 వేలు, 6 వేలు, 12 వేల పోగులుండే కట్టను, విద్యుత్ ప్రవహించే రోలర్ల మీదుగా ద్రావణపు తొట్టెలోకి నడిపిస్తారు. తంతువే ధనధ్రువం, తొట్టెలో అమర్చిన పలకలు రుణధ్రువం. విద్యుత్ ప్రవహించగానే ద్రావణంలోని నీటి నుంచి వెలువడే ఆక్సిజన్ తంతువు ఉపరితలంపై దాడి చేస్తుంది. రుణధ్రువం వద్ద హైడ్రోజన్ బుడగలు లేస్తాయి.

ఈ దాడివల్ల రెండు ప్రయోజనాలు ఒకేసారి నెరవేరుతున్నాయి. మొదటిది, తంతువుపై వదులుగా అంటి ఉండే బలహీనమైన పైపొర ఊడిపోతుంది. సున్నం పెళ్లలు లేచిన గోడమీద రంగు వేసే ముందు గోకడం వంటిదే ఇది. పెళ్లలు గోకకుండా వేసిన రంగు ఎంత మంచిదైనా పెళ్లతోపాటే రాలిపోతుంది. రెండవది, కర్బన పలకల అంచుల వద్ద కార్బాక్సిల్, హైడ్రాక్సిల్, కార్బొనిల్ వంటి ఆక్సిజన్ సమూహాలు మొలకెత్తుతాయి. ఇవి రెజిన్‌ను ఉపరితలంపై చక్కగా పరుచుకోనిస్తాయి. దానితో బంధాలను ఏర్పరచుకుంటాయి. అమెరికా శాస్త్రజ్ఞుడు లారెన్స్ డ్రజల్, ఆయన సహచరులు 1980 దశకం తొలి సంవత్సరాలలో జరిపిన ప్రయోగాలు ఈ రెండు అంచెలను విడదీసి చూపాయి. అంటు పెరగడానికి ఆక్సిజన్ సమూహాలు మాత్రమే కారణం కాదనీ, బలహీనపు పొర తొలగిపోవడానికీ అందులో గణనీయమైన వాటా ఉన్నదనీ అప్పుడే తేటతెల్లమయింది.

ద్రావణం ఎంపికలోనూ నేర్పు ఉన్నది. గంధకామ్లం, నత్రికామ్లం, క్షార ద్రావణాలు, అమోనియం లవణాలు, ఇలా పలు రకాలు వాడుకలో ఉన్నాయి. వీటిలో అమోనియం బైకార్బొనేట్‌కు ఒక విశేషముంది. వేడి తగలగానే అది అమోనియా, బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరిగా విడిపోయి తంతువుపై మడ్డి మిగల్చదు. సోడియం వంటి లోహాల జాడలు మిగిలితే అవి తరువాత అధిక ఉష్ణోగ్రత వద్ద తంతువు త్వరగా కాలిపోవడానికి దోహదం చేస్తాయి. తొట్టె దాటిన తంతువును కడిగి, ఆరబెట్టి, పలుచని రెజిన్ పూత పూసి చుట్టలు చుడతారు. సైజింగ్ అని పిలిచే ఈ పూత తంతువు బరువులో ఇంచుమించు ఒక శాతం మాత్రమే. చేనేతవారు పడుగుకు గంజి పెట్టడానికీ దీనికీ ఉద్దేశంలో పోలిక ఉన్నది. పోగు తెగకుండా, రేగకుండా నిలవడానికి రెండూ తోడ్పడతాయి.

మోతాదు మించితే ముప్పు

విద్యుత్తును ఎంత ఎక్కువ పంపితే అంత మేలని అనుకోవడం పొరపాటు. గ్రాము తంతువుకు ఇన్ని కూలుంబుల విద్యుదావేశమని మోతాదును లెక్కిస్తారు. తక్కువైతే బలహీనపు పొర పూర్తిగా తొలగదు. ఎక్కువైతే తంతువు ఒళ్లే తినివేతకు గురై గుంటలు పడి, లాగుడును తట్టుకునే బలం తగ్గుతుంది. పైగా బిగువు తక్కువ రకానికి సరిపోయిన మోతాదు బిగువు ఎక్కువ రకానికి చాలదు. అధిక ఉష్ణోగ్రత వద్ద కాల్చిన తంతువులో పలకల అంచులు తక్కువగా బయటపడి ఉంటాయి కనుక దానికి ఎక్కువ విద్యుదావేశం అవసరమవుతుంది.

మరొక చిక్కు ఉన్నది. 12 వేల పోగుల కట్టలో వెలుపలి పోగులకు సోకినంత ప్రవాహం లోపలి వాటికి సోకదు. కట్టను పలుచగా విప్పార్చకపోతే పైవి మాడి, లోపలివి పచ్చిగా మిగిలిన అట్టు చందమవుతుంది. ప్రయోగశాలలో గుప్పెడు తంతువులపై విజయవంతమైన పద్ధతి కర్మాగారంలో తడబడటానికి ఇదొక ప్రధాన కారణం.

అంటు అతిగా కుదరడం కూడా ప్రమాదమే. సంయుక్త పదార్థంలో పగులు పుట్టినపుడు అది తంతువు దాకా వచ్చి, తంతువు వెంబడి పక్కకు మళ్లితే దాని తీవ్రత తగ్గుతుంది. సరిహద్దు మరీ గట్టిపడితే పగులు పక్కకు మళ్లదు. తంతువులను నిలువునా తెంచుకుంటూ పోతుంది. అప్పుడు పదార్థం గాజులా పెళుసుగా విరుగుతుంది. అందుచేత సరిహద్దు భారాన్ని అందించేటంత గట్టిగానూ, పగులును మళ్లించేటంత సడలుగానూ ఉండవలసి ఉన్నది.

తంతువు బలం ఒక్కటే పదార్థానికి భరోసా కాదని బ్రిటన్‌కు చెందిన రోల్స్ రాయిస్ సంస్థకు చాలా ముందుగానే అనుభవమయింది. ఆర్‌బీ 211 విమాన ఇంజనుకు ఆ సంస్థ కర్బన తంతువుల కాంపోజిట్‌తో ముందు భాగపు ఫ్యాన్ రెక్కలను రూపొందించింది. పక్షి ఢీకొంటే ఏమవుతుందో తెలుసుకునే పరీక్షలో అవి నిలవలేదు. చివరకు టైటానియం రెక్కలను ఆశ్రయించవలసి వచ్చింది. ఆ ఇంజను వ్యయభారంతో సంస్థ 1971 ఫిబ్రవరిలో దివాలా స్థితికి చేరి, ప్రభుత్వ స్వాధీనమయింది. వైఫల్యానికి కారణాలు అనేకం. అయితే తంతువు బలాన్ని చూసి మొత్తం పదార్థపు బలాన్ని ఊహించరాదన్న పాఠం మాత్రం పరిశ్రమ మరువలేదు.

సంస్కారం ఎంత కుదిరిందో తేల్చేందుకు పరీక్షలున్నాయి. చిన్న కాంపోజిట్ కడ్డీని రెండు ఆధారాలపై ఉంచి నడుమ నొక్కి, పొరలు ఏ భారం వద్ద జారుతాయో చూస్తారు. సంస్కారం పొందని తంతువుతో పోల్చితే ఈ బలం, రకాన్నిబట్టి, ఒకటిన్నర నుంచి రెండు రెట్ల వరకు పెరగడం కద్దు. ఎక్స్ కిరణాల సాయంతో ఉపరితలంపై ఆక్సిజన్ పాలు ఎంతో కూడా లెక్కగట్టవచ్చు. మన దేశపు వాతావరణాన్నిబట్టి మరొక పరీక్షకు ప్రాధాన్యం ఉన్నది. తేమ, వేడి కలిసి తంతువుకూ రెజిన్‌కూ నడుమ సరిహద్దును క్రమంగా బలహీనపరుస్తాయి. విమాన భాగాలను తడి, వేడి పరిస్థితులలోనూ పరీక్షించడం తప్పనిసరి కావడానికి కారణమిదే.

మన దేశంలో అయిదు దశాబ్దాల కృషి

ఈ విద్య మన శాస్త్రజ్ఞులకు కొత్తది కాదు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఓ.పి. బహల్, ఎల్.ఎం. మనోచా ప్రభృతులు 1970 దశకంలోనే కర్బన తంతువులపై పరిశోధన పత్రాలు ప్రచురించారు. ఉపరితల సంస్కారం తంతువు బలంపై చూపే ప్రభావాన్ని ఆ ప్రయోగశాల 1980 దశకంలో ప్రత్యేకంగా పరిశీలించింది. తంతువు, దాని నడుమ నింపిన పదార్థం రెండూ కర్బనమే అయిన కార్బన్-కార్బన్ కాంపోజిట్‌లలో సంస్కారం పొందిన తంతువులు ఎలా ప్రవర్తిస్తాయో తెలిపే పత్రాన్ని 1989లో వెలువరించింది.

ఈ కార్బన్-కార్బన్ ఉదంతం ఆసక్తికరం. ఎపాక్సీలో మేలు చేసిన సంస్కారమే ఇక్కడ కీడు చేయగలదు. రెజిన్‌ను తంతువుతో సహా తిరిగి కొలిమిలో కాల్చినపుడు రెజిన్ కుంచించుకుపోతుంది. అంటు మరీ గట్టిగా ఉంటే ఆ కుదింపు తంతువులను కూడా లాగి పగులగొడుతుంది, పదార్థం పెళుసుబారుతుంది. కనుక ఒకే తంతువు విమానపు రెక్కకు ఒక తీరున, క్షిపణి శిరోభాగానికి మరొక తీరున సిద్ధం కావలసి ఉంటుంది. 1989 మే 22న తొలిసారి ప్రయోగించిన అగ్ని క్షిపణి తిరిగి వాతావరణంలోకి ప్రవేశించేటపుడు పుట్టే విపరీతమైన వేడిని కాచుకోవడానికి కార్బన్-కార్బన్ కవచాన్నే అమర్చారు. ఆ క్షిపణి కార్యక్రమానికి హైదరాబాద్ రక్షణ ప్రయోగశాలలే కేంద్రమన్న సంగతి తెలుగు పాఠకులకు తెలియనిది కాదు. క్షిపణి కోసం రూపొందిన తేలిక పదార్థాల పరిజ్ఞానంతోనే హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలోని పోలియో బాలలకు మూడు కిలోల కాలిపర్ల స్థానంలో 300 గ్రాముల కాలిపర్లను తయారుచేశామని మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాం పలు సభలలో చెప్పేవారు.

పరిశోధన సాగినా పరిశ్రమ మాత్రం నిలదొక్కుకోలేదు. వడోదరలోని ఇండియన్ పెట్రోకెమికల్స్ సంస్థ ఇండ్‌కార్ఫ్ పేరుతో తయారుచేసిన తంతువులు 1990 దశకంలో మన ప్రయోగశాలలకు అందేవి. ఆ సంస్థ 2002లో ప్రైవేటీకరణకు లోనై, 2007లో రిలయన్స్‌లో విలీనమయింది. బెంగుళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ సొంతంగా అభివృద్ధి చేసిన పరిజ్ఞానంతో వడోదర సమీపంలో కెమ్‌రాక్ సంస్థ 2010లో కర్మాగారం ప్రారంభించింది. అది ఆర్థిక చిక్కులలో కూరుకుపోగా, దాని ఆస్తులను 2017లో రిలయన్స్ కొనుగోలు చేసింది. ఇదిలా ఉండగా, విమాన భాగాలకు వాడే ముడి కాంపోజిట్‌ల తయారీకై హిందుస్థాన్ ఏరోనాటిక్స్, హైదరాబాద్‌లోని మిశ్ర ధాతు నిగమ్ 2021లో ఒప్పందం కుదుర్చుకున్నాయి.

ఆంక్షల నీడలో

ఈ సరుకు కేవలం వాణిజ్య వస్తువు కాదు. క్షిపణుల కవచాలకూ, యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్‌లకూ పనికివస్తుంది కనుక మేలు రకం కర్బన తంతువుల ఎగుమతిపై క్షిపణి పరిజ్ఞాన నియంత్రణ వ్యవస్థ, వాసెనార్ ఒప్పందం, అణు సరఫరాదారుల బృందం నిఘా ఉంచుతున్నాయి. 1998 మే నెలలో పోఖ్రాన్ అణు పరీక్షల అనంతరం అమెరికా విధించిన ఆంక్షలు తేలికరకం యుద్ధ విమాన పథకానికి ఎదురుదెబ్బ అయిన విషయం విదితమే. ఆ విమానం, నేటి తేజస్, 2001 జనవరి 4న తొలిసారి ఎగిరింది. దాని చట్రం బరువులో దాదాపు 45 శాతం కాంపోజిట్‌లే. క్షిపణి నియంత్రణ వ్యవస్థలో 2016లోనూ, వాసెనార్ ఒప్పందంలో 2017లోనూ భారత్‌కు సభ్యత్వం లభించింది. ఇందువల్ల దిగుమతులు సులభతరం కావచ్చుగాని, మేలు రకం తంతువును ఎవరికి అమ్మాలన్న నిర్ణయం అమ్మే దేశం చేతిలోనే ఉంటుంది.

పౌర అవసరాలు సైతం తక్కువేమీ కావు. దేశంలో పవన విద్యుత్ స్థాపిత సామర్థ్యం 2025 మార్చి చివరినాటికి 50 వేల మెగావాట్లు దాటింది. గాలిమర రెక్క పొడవు పెరిగే కొద్దీ దాని వెన్నెముకకు గాజు తంతువు చాలక కర్బన తంతువు అవసరపడుతున్నది. వాతావరణ పీడనానికి 350 నుంచి 700 రెట్ల ఒత్తిడితో హైడ్రోజన్ నింపే తేలిక సిలిండర్లకూ చుట్టేది ఈ తంతువునే. అటువంటి సిలిండర్‌లో పొరల మధ్య అంటు ఎంత నికరమైనదన్న ప్రశ్న ప్రాణాలతో ముడిపడి ఉన్నది.

టన్నుల లెక్క చాలదు

తయారీ వ్యయంలో దాదాపు సగం మూల నూలుకే పోతుంది. రెండు కిలోల నూలు నుంచి ఒక్క కిలో తంతువు మాత్రమే మిగులుతుంది. అంత ఖర్చుతో వచ్చిన తంతువు చివరి తొట్టెలో మోతాదు తప్పితే రెండో రకం సరుకుగా మిగిలిపోతుంది. విమాన తయారీదారు ఒక రకం తంతువును ఆమోదించడానికి సంవత్సరాల తరబడి పరీక్షలు జరుపుతాడు. ఒకసారి ఆమోదించిన పిదప ద్రావణం మారినా, పూత మారినా, పరీక్షలు తిరిగి జరపవలసి రావచ్చు. సూత్రాలు పాఠ్యగ్రంథాలలో ఉన్నాయి. ఏ ద్రావణం, ఎంత గాఢత, ఎంత ప్రవాహం, కట్ట ఎంత వేగంతో నడవాలి అన్న కచ్చితమైన కొలతలను మాత్రం ఏ సంస్థ కూడా బయటపెట్టదు. వాటిని ఎవరికి వారు ఏళ్ల తరబడి ప్రయత్నించి సాధించుకోవలసిందే.

అందుచేత దేశీయ కర్మాగారాల గురించి చర్చించేటపుడు ఏడాదికి ఎన్ని టన్నులు అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఆ తంతువుతో చేసిన పలక పొరలు ఏ భారం వద్ద విడిపోతున్నాయి, నిన్నటి చుట్టకూ నేటి చుట్టకూ ఆ బలంలో ఎంత తేడా ఉన్నది, తడిలోనూ వేడిలోనూ అది ఎంతమేరకు నిలుస్తున్నది అన్న ప్రశ్నలకు కూడా సమాధానం రావాలి. కొలిమిని డబ్బు పెట్టి దిగుమతి చేసుకోవచ్చు. తొట్టెలో మోతాదును కుదుర్చుకునే నేర్పు మాత్రం మన ప్రయోగశాలలూ మన కర్మాగారాలూ చేతులు కలిపి సంపాదించుకోవలసినది. జాతీయ భౌతిక ప్రయోగశాల, నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ వంటి సంస్థలు దశాబ్దాలుగా కూడబెట్టిన అనుభవం పత్రాలకే పరిమితం కాకుండా ఉత్పత్తి అంగణానికి చేరినపుడే ఈ రంగంలో స్వావలంబన అన్న మాటకు అర్థం ఉంటుంది.